ఇద్దరి మధ్య పడిన బంతి

శుక్రవారం, రాత్రి

ఈరోజు రాజోలు మ్యాచ్‌లో నేను కోచ్‌గా ఉన్న మా కాలేజీ అమ్మాయిల జట్టు తేలికైన క్యాచ్ ఒకటి నేలపాలు చేసింది. బంతి పైకి లేవగానే జూనియర్ దివ్య ఆగిపోయి, "మీరు పట్టండక్కా" అంది. సీనియర్ సునీతేమో "పర్లేదు, నువ్వే పట్టు" అంది. బేస్‌బాల్‌లోనూ మన కోనసీమ మర్యాదే! కాలేజీలో ఆడే రోజుల్లో నేనూ ఇలాగే ఒక ఫైనల్ పోగొట్టాను. అందుకే ఇన్నింగ్స్ మారేటప్పుడు ఇద్దరి మీదా కేకలేశాను. "బంతి గాల్లో ఉన్నంతసేపూ అక్కల్లేరు, చెల్లెళ్లు లేరు. ముందు 'నాది' అన్నవాళ్లదే!"

చివర్లో అలాంటి బంతే మళ్లీ లేచింది. దివ్య "నాది! తప్పుకో!" అని అరిచి పట్టేసింది. గెలిచాం. మరుక్షణం సునీత దగ్గరికెళ్లి "ఏమీ అనుకోకండక్కా" అంది.

సాయంత్రం ప్రిన్సిపాల్ గారు, "యూనివర్సిటీ పోటీలకి జట్టునెవరు తీసుకెళ్తారండీ?" అని అడిగారు. పక్కనే నాకన్నా సీనియర్ ఫిజికల్ డైరెక్టర్, సూర్యారావు గారున్నారు. ఆయన బేస్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. అయినా ఏటా "మీరు వెళ్లండి సార్" అనేదాన్ని. ఈసారి ఎవరూ నోరు విప్పకముందే "నేనేనండీ" అన్నాను.

"ఆయ్, మంచిదండీ" అన్నారు సూర్యారావు గారు. నొచ్చుకున్నారో ఏమో... రేపు కనిపిస్తే "ఏమీ అనుకోకండి సార్" అంటాను. జట్టును మాత్రం నేనే తీసుకెళ్తాను.