బోరు పని

బుధవారం రాత్రి

దీపం కొండెక్కింది. కోపం మాత్రం తగ్గలేదు.

మొన్న తనకల్లు నుంచి తమ్ముడు రమణ ఫోన్ చేసి, "అక్కా, బోరు పని అయిపాయ. శానా బాగా వచ్చింది" అన్నాడు. వాడి తోటలో చీనీ చెట్లు ఎండిపోతున్నాయని నెల రోజులుగా మొక్కుకుంటున్నాను. ఆ మాట వినగానే ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టాను. వీధంతా చెప్పుకున్నాను కూడా.

ఈరోజు ఆ నీళ్లు కళ్లారా చూద్దామని వెళ్లాను. చెట్ల ఆకులు ముడుచుకునే ఉన్నాయి. రమణ షెడ్డులో పాత జీపు కింద పడుకుని ఉన్నాడు.

"బోరు యాడరా?"

"ఇంజనుకక్కా! తిరిగి తిరిగి సిలిండర్లు అరిగిపోయింటే, వాటిని లోపల పెద్దగా తొలిపించి పెద్ద పిస్టన్లు ఏసినా, దాన్నే బోరు అంటారు. సౌండు ఇను, ఎట్లుండాదో!"

"చెట్లు సచ్చిపోతాంటే నీకు సౌండు కావాల్నా? నీళ్లు పడినాయని టెంకాయ గూడా కొట్టినానే!"

"ఉండేది ఇదొక్కటే సరదా అక్కా. నీ టెంకాయ ఊరికే పోలేదులే, ఒక్క సెల్ఫుకే స్టార్టాయ."

"మరి తోటకు బోరు?"

"చూద్దాంలేక్కా."

ఒళ్లు మండింది. బస్టాండు దాకా జీపులో దింపుతానన్నాడు. ఎక్కలేదు, ఎండలో నడిచే వచ్చాను.

సాయంత్రం పూజలో మనసు నిలవలేదు. నెలంతా నేను అడిగింది "స్వామీ, వాడి బోరు బాగా రావాలి" అనే కదా. వచ్చింది.

అందుకే ఈరోజు ఆ మాటే ఎత్తలేదు. నీళ్లు స్వామీ, చీనీ చెట్లకు నీళ్లు అన్నాను.