ఏడో నంబరు జిన్ను మీది మూత

వరంగల్,
శుక్రవారం.

కార్మికుల నష్టపరిహారం అర్జీలు విచారించు అధికారి గారి సముఖమునకు,

వర్ధన్నపేట మండల వాస్తవ్యుడు, ట్రాలీ ఆటో డ్రైవరు మొగిలయ్య వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: రాజశారద జిన్నింగు మిల్లులో నా భార్య సమ్మమ్మ కుడి చెయ్యి పోయిన సంగతి – ఆ రోజున ఆమె మిల్లుకు పనికి వచ్చినదా, పూజకు వచ్చినదా అని తమ కార్యాలయము వారు అడిగిన ప్రశ్నకు జవాబు – అదే జిన్ను మీద సోమవారం నుండి నా బిడ్డ పనికి ఎక్కబోవుచున్నందున, ఈలోపు దానికి మూత బిగింపించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా, ఇదివరకటి అర్జీలు కోర్టు ముందు కూర్చునే టైపు ఆయనతో కొట్టించాను. నేను చెప్పిన దాంట్లో కోపం ఉన్న మాటలన్నీ తీసేసి, ఆ ఖాళీల్లో "దయగల తమరు" అని నింపాడు. వాటికి ఏ గతి పట్టిందో చూశాను కాబట్టి, పదో తరగతి దాకా చదివిన చేత్తో ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు తప్పుపోతే మన్నించగలరు. కోపం కనబడితే మన్నించనక్కర లేదు.

1. సదరు మిల్లు వర్ధన్నపేట రోడ్డు మీద ఉన్నది. యజమాని రాజేశ్వర్ రావు గారు, తన పేరు, భార్య శారద గారి పేరు కలిపి దానికి పెట్టుకున్నారు. పత్తిలో నుంచి గింజను వేరు చేసే మిషన్ను జిన్ను అంటారు. ఒక్కో జిన్ను ముందు ఒక్కో ఆడమనిషి నిలబడి పత్తి అందిస్తుంది. నా భార్యది ఏడో నంబరు. జిన్ను పక్కన చక్రాల మీద బెల్టు తిరుగుతుంది. చెయ్యి గానీ, చీర కొంగు గానీ, జడ గానీ అందులోకి పోకుండా మిషన్ను తయారు చేసిన కంపెనీ వాళ్ళే ఇనుప జాలి మూత ఒకటి ఇస్తారు. దాన్ని నట్లతో బిగించాలి. ఏడో జిన్ను మూత మీద తెల్ల రంగుతో 7 అని రాసి ఉంటుంది. ఈ మూతను తమరు గుర్తు పెట్టుకోవలెనని ప్రార్థన. నా అర్జీ అంతా దాని గురించే.

2. నిరుడు దసరాకు ముందు రోజు మిల్లు మేనేజరు రాంప్రసాద్ గారు ఆడవాళ్ళందరినీ నిలబెట్టి చెప్పిన మాట ఇది: "రేపు ఆయుధపూజ. పొద్దుగాల్నే అందరు రావాలె, మిషన్లు కడగాలె. రానోళ్ళకు సీజన్ల పని లేదు." కనుక నా భార్య పండుగ పూట ఇంట్లో పొయ్యి కూడా వెలిగించకుండా పోయింది. మిషన్లు కడగడానికి, బొట్లు పెట్టడానికి అడ్డమని మూతలన్నీ విప్పించి గోడకు ఆనించారు. అట్లా విప్పడం అక్కడ ఏటేటా ఉన్న ఆచారమే. దేవుడికి బెల్టు కనబడాలట.

బంతిపూల దండలు వేశారు. కొబ్బరికాయ కొట్టారు. ఎవరి జిన్నుకు వాళ్ళే బొట్టు పెట్టుకోవాలి. ఆ తర్వాత యజమాని తన చేత్తో స్విచ్చి వేసి, మిషన్లను ఒక్క నిమిషం తిప్పి ఆపాలి. అది వాళ్ళ శకునం. నా భార్య గుమ్మడికాయ తేవడానికి బయటికి పోయి వచ్చేసరికి శారద గారు చూసి, "సమ్మక్కా, నీ జిన్నుకు బొట్టు పెట్టలే. జల్ది పెట్టు, మంచి టైము పోతాంది" అన్నది. ఈమె కుంకుమ తీసుకుని బెల్టు చక్రానికి పెడుతున్నది. అవతల రాజేశ్వర్ రావు గారు "అయిందా?" అని అడిగితే, "అయింది సార్" అని ఎవరో అన్నారు. ఆ అన్నది ఎవరో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఆయన స్విచ్చి వేశాడు.

కాసేపటి దాకా ఎవరికీ తెలియలేదు. అక్కడంతా ఎర్రగా ఉంటే కుంకుమ గిన్నె ఒలికిందనుకున్నారు. బయట డప్పులు కొడుతున్నారు. నా భార్య అరుపు డప్పులు ఆగిన తర్వాత వినబడింది.

3. సాయంత్రం దవాఖానకు రాంప్రసాద్ గారు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చారు. "మొగిలన్నా, ఏం ఫికర్ చెయ్యకు. అంత మేం జూస్కుంటం. కేసు గీసు అని ఎవడన్న చెప్తే ఇనకు" అన్నారు. పోతూ పోతూ, దసరా కదా, జమ్మి ఆకు తీసి "బంగారం తీస్కో అక్కా" అని నా భార్య చేతిలో పెట్టారు. ఎడమ చేతిలో. ఉన్నది అదే కాబట్టి. నేను ఆ పూట ఆయన మాట నమ్మి, ఆయనకు చేతులెత్తి దండం కూడా పెట్టాను. ఆ దండం గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

4. మిల్లు వారు తమకు ఇచ్చుకున్న జవాబు నకలు నాకు అందింది. అందులో రెండు మాటలున్నాయి. దసరా సెలవు దినము గనుక సదరు సమ్మమ్మ ఆ రోజు డ్యూటీలో లేదట, భక్తితో పూజకు విచ్చేసినదట. నా భార్యకు జీవితంలో మొట్టమొదటిసారి ఒకరు "విచ్చేసినది" అని రాశారు, అదీ చెయ్యి తెగిన రోజు గురించి. రెండో మాట, ఏడో నంబరు జిన్నుకు మూత ఎల్లవేళలా బిగించియే ఉన్నదట, ఆ రోజూ ఉన్నదట, నేటికీ ఉన్నదట, ఆమె అజాగ్రత్త వలననే ప్రమాదం జరిగినదట. కింద రాజేశ్వర్ రావు గారి సంతకం, మిల్లు ముద్ర ఉన్నాయి. మూత బిగించి ఉంటే బెల్టు దాకా చెయ్యి ఎట్లా పోయిందని తమ ఆఫీసులో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

5. తమ ఆఫీసు వారు మాత్రం నన్ను చాలా అడిగారు. సదరు ప్రమాదము "ఉద్యోగ క్రమములో, ఉద్యోగ కారణముగా" జరిగినట్లు రుజువేమిటన్నారు. నేను చెప్పేదేమిటంటే, రమ్మన్నది మిల్లు, కడగమన్నది మిల్లు, బొట్టు పెట్టమన్నది మిల్లు, స్విచ్చి వేసింది మిల్లు. ఇంట్లో పూజ చేసుకుని ఉంటే మా దేవుడి పటం నా భార్య చెయ్యి నమిలేది కాదు.

వేలిముద్ర కోసం ఆమెను పిలిపించారు. సంతకం పోయిన కుడి చేత్తోనే పెట్టేది కాబట్టి, ముద్రకు ఎడమ చెయ్యి చాపింది. తమ గుమాస్తా గారు కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే, "గట్ల గాదమ్మా, ఆడోళ్ళది కుడి బొటనవేలు వెయ్యాలె" అన్నారు. నా భార్య నెమ్మదస్తురాలు. ఎన్నడూ ఎవరినీ ఎదిరించి ఎరగదు. ఆ రోజు మాత్రం అన్నది: "గా వేలు మిల్లుల వడ్డది సార్. ఎవరినన్న పంపి తెప్పియ్యుండ్రి." ఆ తర్వాత ఎడమ ముద్ర చాలన్నారు.

మిల్లుకు వచ్చి ఒక్కసారి కళ్ళతో చూడమని తమరినే అడిగాను. ఆఫీసు బండి రిపేరులో ఉన్నదన్నారు. మూత లేదనడానికి ఆధారం జతపరచమన్నారు. లేని దాన్ని ఎట్లా జతపరచాలో తెలియక ఆ రోజు ఇంటికి పోయాను.

6. ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మా చిన్నబిడ్డ రమకు మిల్లు వారు "మానవతా దృక్పథంతో" పని ఇచ్చారు. తల్లి జాగాలో, తల్లి జిన్ను మీదనే. ఇల్లు గడవాలి, నా ట్రాలీ కిస్తీ కట్టాలి, సమ్మమ్మ మందులు కొనాలి. నేను వద్దన్నాను. రమ, "బాపూ, నేను జాగ్రత్తగుంట. ఇంట్ల కూసుంటే ఎట్ల నడుస్తది?" అన్నది. దానికి జవాబు తమ దగ్గర ఉన్నదేమో తెలుపగలరు.

రమకు నడుము దాకా జడ. ఇంతకు ముందు రోజూ తల్లి గట్టిగా అల్లి ముడి వేసేది. ఇప్పుడు ఒంటి చేత్తో అల్లడం రాదు. తనే వేసుకుంటే వదులైపోతుంది. నిన్న సమ్మమ్మ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, జడ చివర పళ్ళతో పట్టుకుని అల్లబోయి, మధ్యలో వదిలేసి ఏడ్చింది. "దీని చెయ్యి గాదు, జడ గుంజుకుంటది గా బెల్టు" అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కన్ను మూతపడలేదు.

7. మొన్న రమ కాగితాల మీద సంతకానికి నా ట్రాలీలోనే మిల్లుకు తీసుకుపోయాను. జిన్నులన్నీ చూశాను. మిగతా వాటికి మూతలు మళ్ళీ బిగించారు. ఏడో నంబరుకు లేదు. మూత ఉండాల్సిన చోట నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టారు. ఇదేమిటని అడిగితే రాంప్రసాద్ గారు, "గోడకున్న గా మూత మీద గూడ నెత్తురు వడ్డదన్నా. మళ్ల పెడితే మంచిది గాదని అమ్మగారన్నరు. అందుకే దిష్టి కట్టినం, ఇగ ఏం గాదు" అన్నారు. అయ్యా, నెత్తురు జిన్ను మీదా పడింది. బెల్టు మీదా పడింది. వాటికి ఖరీదు ఉన్నది కాబట్టి అవి మంచివే అయినాయి. మూత ఒక్కటే చెడ్డదైంది.

ఆ మూత ఎక్కడున్నదో కూడా చూశాను. మిల్లు వెనుక, కావలి మనిషి గది పక్కన, కోడిపిల్లలను గద్ద ఎత్తుకుపోకుండా వాటి మీద బోర్లించి ఉంది. తెల్ల రంగుతో 7. కోడిపిల్లలకు ఉన్నపాటి కాపు నా బిడ్డకు లేదు. కోడిపిల్లలను కాపాడుకోవాలని ఆ కావలి మనిషికి తోచింది. ఇంత మిల్లు నడిపే వాళ్ళకు, దాని మీద ఇంత ఆఫీసు నడిపే తమకు ఎందుకు తోచలేదని అడుగుతున్నాను.

కావున తమరు దయతో కాకపోయినా చట్టప్రకారమైనా, సోమవారం పొద్దున షిఫ్టుకు ముందే ఏడో నంబరు జిన్నుకు మూత బిగింపించవలెను. నా భార్య ఆ రోజు పనికే పోయిందని రాసి, ఆమెకు రావలసిన పరిహారం ఇప్పించవలెను. రెండింట్లో ఒక్కటే అయ్యేటట్టుంటే మొదటిది చేయండి. ఈ మాట సమ్మమ్మ నాతో రాయించింది.

ఇంతకు ముందు వాటిని చిత్తగించినట్టు కాకుండా, చదివి చిత్తగించవలెను.

సోమవారం దాకా
తమ విధేయుడు,
మొగిలయ్య

జతపరచినవి:
దవాఖాన కాగితాలు.
మిల్లు వారి జవాబు నకలు, సంతకము, ముద్రతో సహా.
ఇనుప మూత, ఒకటి. కవరులో పట్టనందున తమ ఆఫీసు మెట్ల కింద పెట్టి, నా ట్రాలీ గొలుసుతో తాళం వేయడమైనది.

మళ్ళీ రాయునది: ఆధారం జతపరచమన్నారు కదా అని తెచ్చాను. ఒక వెదురు గంప కొనుక్కుపోయి కోడిపిల్లల మీద బోర్లించి, మూత తీసుకున్నాను. కావలి మనిషి అటు తిరిగి బీడీ తాగుతున్నాడు. ఆయన పేరు అడగవద్దు.

ఈ అర్జీ మడుస్తుండగా రాంప్రసాద్ గారు ఫోన్ చేశారు. ఈసారి అన్నా అనలేదు. "ఏం రా మొగిలీ, మా మిల్లు మూత ఎత్కపోయినవట. దొంగతనం కేసు పెడ్త, జైల్ల ఏపిస్త" అన్నారు. నేను అన్నాను: "పెట్టుండ్రి సార్. యాడికెల్లి ఎత్కపోయిన్నో గది గూడ రాయించుండ్రి. జిన్ను మీదికెల్లి విప్పిన్నో, కోడిపిల్లల మీదికెల్లి తీసిన్నో." ఆయన ఫోన్ పెట్టేశారు.

వాళ్ళు కేసు పెడితే నేను పోతాను, నా చేతులు రెండూ ఉన్నాయి కాబట్టి బేడీలకు ఇబ్బంది లేదు. పెట్టకపోతే, సోమవారం ఎనిమిది గంటలకు మా రమ ఆ జిన్ను ముందు నిలబడుతుంది. అంతకు గంట ముందు నేను తమ ఆఫీసు మెట్ల దగ్గర ఉంటాను. తమ బండి రిపేరులో ఉన్నది గనుక, వెనుక మూతను ఎక్కించి, ముందు నా పక్కన తమరిని కూర్చోబెట్టుకుని మిల్లుకు తీసుకుపోతాను. నట్లు, పానా నా దగ్గర ఉన్నాయి. కిరాయి అక్కర లేదు. తమరు వచ్చి, నేను బిగించేదాకా ఆ స్విచ్చి దగ్గర నిలబడితే చాలు.