పురుగులకు జాగా కావాలి

నవంబరు 11, మంగళవారం
వాన తెరిపి లేదు. పుంగనూరు చెరువు కింది వీధులు ఖాళీ చేయండని మునిసిపాలిటీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టారు. ఎలా పోతాం? ఇంటినిండా తట్టల్లో పట్టుపురుగులు, చివరి మేతలో ఉన్నాయి. ఈ పంట పోతే మళ్లీ పెట్టే శక్తి మాకు లేదు. అత్త మొండికేసింది. "మనుషులు ఇస్కూల్లో పండుకుంటారు. పురుగులు యాడ పండుకుంటాయి?" ఆ మాటే పేజీలో కామెంటు పెట్టాను — పురుగులకు ఆరిన జాగా కావాలని. అన్నీ నవ్వే బొమ్మలే. నవ్వండి నాయనా, మీ సొమ్మేం పోయింది.

నవంబరు 12
నవ్వనివాడు ఒకడున్నాడు. మెట్టమీది వీధిలో షాదీమహల్ నడిపే నజీర్ భాయ్. పేజీ నడిపే మునిసిపాలిటీ అమ్మాయి నా నంబరు ఆయనకిచ్చిందట. "ఈ నెల పెళ్లిళ్లు లేవు మా, తెచ్చుకోండి" అన్నాడు. తట్టలు ట్రాక్టరులో, పైన టార్పాలిన్... మగపెళ్లివారికి కూడా ఇంత మర్యాద జరిగి ఉండదు. మేమూ వాటితోపాటు మహల్లోనే సర్దుకున్నాం. సాయంత్రానికి మా ఇంట్లో మోకాలిలోతు నీళ్లు. దండం పెట్టుకున్నాను — దేవుడికో, ఫోనుకో.

నవంబరు 13
మల్బరీ తోట మునిగింది. తడి ఆకు వేస్తే పురుగుకు రోగం. సిగ్గు విడిచి మళ్లీ పేజీలోనే అడిగాను. కుప్పం నుంచి ఎవరో రైతు, ముఖమైనా తెలియదు, బస్సులో ఆకు మూటలు వేశాడు. ఫోన్ చేస్తే — "మా ఇంట్లోనూ పురుగులుండాయి కదమ్మా, ఆ కష్టం మాకు తెలీదా" అని పెట్టేశాడు. ఏడుపొచ్చింది.

నవంబరు 15
పురుగులు పండాయి, మేత మానేశాయి. గూళ్లు అల్లుకునే వెదురు తడకలు, చంద్రికల మీద వేశాం. ఇక గూళ్లు కట్టేదాకా కదిలించకూడదు.

నవంబరు 16
వాన పోయింది, దోమలు దిగాయి. ఏ వీధికి ఎప్పుడు దోమల పొగ కొడతారో పేజీలో పెట్టారు. రేపు షాదీమహల్ వీధికి. ఆ పొగ తగిలితే పురుగు మిగలదు. పొగ వద్దని వెంటనే పేజీలో రాశాను. కాసేపటికి వీధి వీధంతా రాసింది — మా వీధికి పొగ వద్దు సార్, ఆడ పురుగులుండాయి. చికెన్ అంగడాయన రాశాడు. టీచరమ్మ రాసింది. మేం వచ్చాక ఒక్కసారీ పలకరించని మహల్ ఎదురింటావిడ కూడా. ఎంత మంచివాళ్ల మధ్య పడ్డాను.

నవంబరు 17
పొగబండి పక్కవీధికి మళ్లింది. దోమలన్నీ ఇక్కడికే చేరాయి. మహల్ చుట్టుపక్కల ఎవరూ దోమల చుట్ట కూడా వెలిగించడం లేదు.

నవంబరు 18
నజీర్ భాయ్ మనవరాలికి జ్వరం. వాళ్ల ఇల్లూ ఈ వీధిలోనే. మదనపల్లె తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. డెంగీయో కాదో రేపు తెలుస్తుందట. ఆయన మాత్రం రోజూలాగే వచ్చాడు. చంద్రికల వైపు చూసి —
"ఇంకా ఎన్నాళ్లు మా?"
"ఎల్లుండికి కట్టేస్తాయి భాయ్."
"కట్టనీ" అని వెళ్లిపోయాడు. పొగ మాట ఎత్తలేదు. వీధిలోనూ ఎవరూ ఎత్తడం లేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

పేజీ తెరిచాను. 'మా వీధికి పొగ కొట్టండి' అని రాశాను. ఇంకా పంపలేదు. అత్త పక్కకొచ్చి ఫోనులోకి చూసింది. చంద్రికల దగ్గరికి పోయింది. ఇంకా గూడు కట్టని పురుగుల్ని లెక్కపెడుతోంది.