అల్లుడి కుంటి నడక

మంగళవారం

మెడికల్ బోర్డు మా అల్లుడు రాజయ్యను పనికి ఫిట్ అని రాసింది. అన్‌ఫిట్ అని రాసి ఉంటే, కంపెనీ రూలు ప్రకారం బొగ్గుబాయిలో వాడి ఉద్యోగం నా మనవడికి వచ్చేది. దాని కోసమే వానాకాలం నుంచి నేను అల్లుడికి కుంటడం నేర్పాను. నొప్పి ఉన్నట్టు చూపే కాలు నేల మీద ఎక్కువసేపు ఆనకూడదు, కర్ర రెండో వైపు చేతిలో ఉండాలి. మరిచినప్పుడల్లా అదే కర్రతో పిక్కల మీద వేశాను. ఎవరూ చూడకుండా దొడ్లో, ఉత్తకాళ్లతో నడిపించాను.

డాక్టర్ నడక చూడనే లేదట, చెప్పులు తిరగేశాడట.

"రెండూ ఒక్కతీరుగ అరిగినయి, ఎన్నడు కుంటినవయ్యా?" అన్నాడట.

సాయంత్రం అల్లుడు నిజంగానే కుంటుతూ వచ్చాడు. ఇన్నాళ్లు బరువంతా మోసిన మంచికాలి తుంటి పట్టేసింది.

"ఇప్పుడు మస్తు కుదిరింది అల్లుడా, బోర్డు అయిపోయినంక!" అని నవ్వాను.

"నవ్వకు నాయినా! పొద్దుగాల బాయిల దిగేది ఆయన," అంది బిడ్డ.

బాయి లోపల పైకప్పు చప్పుడు చేస్తే, అది కూలేలోపు పరుగెత్తాలి. ఆ తుంటితో ఎట్లా...