పద్నాలుగో గడి, పదిహేనో గడి

భిలాయి,
తేది 17-8-1996

శ్రీయుత భుజంగరావు గారికి,
అడ్మిషన్ల అధికారి,
మానసాదేవి నర్సింగ్ కళాశాల, విజయనగరం.

అయ్యా,

విషయం: డిప్లొమా నర్సులకు ఉద్దేశించిన బి.ఎస్సీ. నర్సింగ్ కోర్సుకు నేను పెట్టుకున్న దరఖాస్తును తిప్పి పంపుట – పునఃపరిశీలన కోరుట గురించి.

1. అర్జీదారు పేరు వనజాక్షి. మా తండ్రి త్రినాథరావు గారు శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కర్మాగారం కోక్ ఓవెన్‌లో ముప్పై ఏళ్లు పని చేసి రిటైరయినారు. తోటి కార్మికులకు అర్జీలు రాసిపెట్టిన అనుభవం కలవారు. ఇది వారు చెప్పగా రాయుచున్నది. నేను నర్సింగ్ డిప్లొమా పొంది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు పని చేసియున్నాను.

2. సదరు ఆసుపత్రిలో ఒక వాడుక ఉండెడిది. ఉదయం ఆరున్నరకు వేయవలసిన ఇన్సులిన్‌కు రాత్రి డ్యూటీ నర్సే పుస్తకంలో ముందుగా టిక్కు పెట్టేది. పుస్తకం పూర్తి కానిదే సిస్టర్ ఇన్‌చార్జి సంతకం చేయదు. సంతకం కానిదే షిఫ్టు బస్సు అందదు. ఇంజెక్షన్ మాత్రం తర్వాత డ్యూటీకి వచ్చిన నర్సు వేసేది. అందరం అలాగే చేసేవాళ్లం.

3. 1993 ఏప్రిల్‌లో ఉదయం డ్యూటీకి కొత్త అమ్మాయి చేరింది. ఆమెకు ఈ వాడుక తెలియదు. టిక్కు చూసి, ఇంజెక్షన్ పడిపోయిందనుకుంది. నేనూ చెప్పలేదు. మూడు రోజులు నేను టిక్కు పెట్టాను, మూడు రోజులూ గున్నమ్మ అనే రోగికి ఇన్సులిన్ పడలేదు. మూడో రోజు ఆమెకు స్పృహ తప్పింది. నాలుగు రోజుల తర్వాత తెలివి వచ్చింది. విచారణలో, అందరూ ఇలాగే చేస్తారని చెప్పాను. అందరినీ పిలిచి అడిగారు. అలా చేస్తామని ఒక్కరూ ఒప్పుకోలేదు.

4. తత్ఫలితంగా నా రిజిస్ట్రేషన్ 15-7-93 నుంచి రెండేళ్లు సస్పెండ్ చేయబడి, గడువు ముగిసిన పిమ్మట పునరుద్ధరింపబడినది. ఆ ఉత్తర్వు అందుకున్న రోజు ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రాలేదు. ఇది అర్జీలో రాయదగ్గ అంశం కాదని నాన్నగారు అంటున్నారు. ప్రస్తుతం జాముల్‌లో ఒక క్లినిక్‌లో పని చేయుచున్నాను.

5. తమ దరఖాస్తు పద్నాలుగో గడిలో "రిజిస్ట్రేషన్ ఎప్పుడైనా సస్పెండ్ అయినదా?" అని యున్నది. లేదని రాసేయమనీ, విజయనగరం వాళ్లు భిలాయి వచ్చి చూడరనీ నా స్నేహితురాలు శ్రీలక్ష్మి చెప్పింది. "అవును" అనే రాశాను. తమ కార్యాలయం వారు ఆ గడి కింద ఎర్ర గీత గీసి తిప్పి పంపినారు. కారణం తెలుపలేదు. శిక్ష పూర్తి చేసినవారు అనర్హులని తమ నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు. నాలుగుసార్లు చదివాను.

6. వయోపరిమితి ముప్పై అయిదేళ్లు. వచ్చే నవంబరుకు నాకు నిండుతాయి. వచ్చే ఏడాది దరఖాస్తు పెట్టే వీలు లేదు. ఇప్పుడు చదివి ఏం చేస్తావని తమరు అడగవచ్చు. ట్యూటర్‌నై, డ్యూటీ ఎలా అప్పగించాలో కొత్త అమ్మాయిలకు మొదటి రోజే చెప్తాను. అంతకు మించి అనుకున్నది లేదు.

కావున తమరు దయతో నా దరఖాస్తును తిరిగి స్వీకరించి, ప్రవేశ పరీక్షకు అనుమతి ఇప్పించగలందులకు ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
వనజాక్షి

మరొక మాట: నాన్నగారు పాల బూత్‌కి వెళ్లారు. ఇక్కడి నుంచి ఆయన చెప్పింది కాదు.

పదిహేనో గడిలో "సస్పెన్షన్ కాలంలో ఎవరికైనా ఇంజెక్షన్ వేసితిరా?" అని అడిగారు. లేదని రాశాను. అది అబద్ధం.

గున్నమ్మ మా వెనక వీధిలోనే ఉంటుంది. చూపు సరిగా ఆనదు, సిరంజి మీది గీతలు కనబడవు. కొడుకు రాజాబాబు తెల్లారకుండానే హథ్‌ఖోజ్‌లో వర్క్‌షాప్ పనికి వెళ్లిపోతాడు. నాకు ఉత్తర్వు వచ్చిన నెలలోనే ఆమె ఇన్సులిన్ సీసా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. నేను వేయకూడదని చెప్పి కాగితం చూపించాను.

"ఆ కాయితం నాకేటి తెలుస్తాది గానీ, ఒకపాలి మర్సిపోనావు కదా. ఇంక నీకున్నంత గుర్తు ఇంకెవులికుంటాదే? ఎయ్యి," అంది.

వేశాను. ఆ రెండేళ్లూ, ఆ తర్వాతా ఒక్క పూట కూడా తప్పలేదు. ఇందుకోసం నేనొక నోటు పుస్తకం పెట్టుకుని, సూది బయటికి తీశాకే అందులో టిక్కు పెట్టాను. ఆ పుస్తకం ఈ అర్జీతో పంపుతున్నాను. మళ్లీ సస్పెండ్ చేయించడానికైనా, సీటు ఇవ్వడానికైనా నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. ఏది చేసినా పుస్తకం తిప్పి పంపండి.

దాన్ని పొట్లం కట్టేశాక గున్నమ్మ వచ్చింది. లోపలికి వెళ్లి వచ్చాను. అందుకని ఈ పూటది ఇక్కడే రాస్తున్నాను.

17-8-96. ఉదయం 7-10. పదహారు యూనిట్లు. వేశాను. ✓