సాంబయ్యగారు వద్దన్న జీతం

ఏవండీ,

మన పైవాటా సాంబయ్యగారు గుండె ఆపరేషన్ చేయించుకుని నిన్న నడుచుకుంటూ ఇంటికొచ్చారు. ఖర్చంతా ఈఎస్ఐ బీమాదే. ఆటోనగర్ షెడ్డులో మీ ఇద్దరికీ ఒకేసారి జీతం పెంచుతామన్నారు, గుర్తుందా? పెరిగితే జీతం ఈఎస్ఐ పరిమితి దాటి ఆ బీమా పోతుందని ఆయన వద్దన్నారు. "పెంచుతామంటే వద్దనే పిచ్చోణ్ణి ఇప్పుడే చూశా!" అని మీరు నవ్వారు. మీ జీతం పెరిగిందని నేను వీధంతా పూతరేకులు పంచాను.

మీ ఈఎస్ఐ ఆగిపోయాకే మీకు గుండెనొప్పి వచ్చింది. ఆపరేషన్‌కు డబ్బు కూడేలోపే వెళ్లిపోయారు.

ఇవాళ వాళ్లావిడ పూతరేకులు తెచ్చింది. "అన్నయ్యగారుంటే ఎంత సంతోషించేవారో వదినా" అంది. "అవునమ్మా" అన్నాను.

ఆయన చల్లగా ఉండాలనే దణ్ణం పెట్టుకుంటున్నానండీ. కానీ మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే లేచివెళ్లి తలుపేసుకుంటున్నాను.