బొటనవేలి బొమ్మ

గురువారం, రాత్రి

మా కంపెనీకి పని ఇచ్చిన ఇద్దరు తోడికోడళ్ల వంటల వెబ్‌సైటు సంగతి రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న ఆ సైటును ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాంతో కొత్త సిస్టంలోకి మార్చాను. ఏ వంట ఎవరు రాశారని ప్లగిన్ అడిగింది. ఒక్కొక్కటీ చూసే ఓపిక లేక అన్నిటికీ పెద్దామె పేరే పెట్టేశాను, తర్వాత మార్చొచ్చులే అని. మర్చిపోయాను.

పొద్దున నేను ఆఫీసులో ఉండగా చిన్నామె ఫోన్ చేసింది. "నా సర్వపిండి గూడ అక్క పేరు మీదనే ఉన్నది మేడం. గట్ల పెట్టుమని అక్కనే చెప్పిందా?"

పక్కనే మేనేజర్ ఉన్నాడు. "మాకిచ్చిన వివరాలే పెట్టామండి," అన్నాను. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. ఆమె "సరే" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అన్నం మానేసి ఎవరి వంటకు వాళ్ల పేరు పెట్టాను. తప్పు నాదేనని ఆమెకు మెసేజ్ కూడా టైపు చేసి, చెరిపేశాను.

సాయంత్రం ఆమే మెసేజ్ పెట్టింది. "ఇప్పుడు పేర్లు మంచిగున్నయ్ మేడం. అక్క తప్పు ఒప్పుకున్నదా?"

దానికి బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాను.

వాళ్లిద్దరూ వండేది ఒకే వంటింట్లో.